లోప్త్రము - దోషము: దొంగసొత్తు కలిగియుండుటను గూర్చిన దండనీతి

1. విషయ నిర్దేశము

దొంగిలింపబడిన వస్తువునకు ధర్మశాస్త్రములలో లోప్త్రమని పేరు. మనుస్మృతిలో దానికి హోఢమను పేరును కలదు. తెలుగున మనము దొంగసొత్తు అందుము. చౌర్యము రహస్యమున జరుగునది. దానిని కన్నులార చూచిన సాక్షి దొరకుట అరుదు. కావున ఏ కాలమునందైనను న్యాయాధికారి యెదుటికి వచ్చునది దొంగతనము కాదు, దొంగసొత్తు మాత్రమే. అది ఒకని చేతిలోనో, ఇంటిలోనో, అంగడిలోనో దొరకును. అంతట మూడు ప్రశ్నలు పుట్టును. ఆ వస్తువు ఎవరిది? ఎవనియొద్ద దొరికెనో వాడు దొంగయా? దొంగ కానిచో, అది దొంగసొత్తని యెరిగి పుచ్చుకొనెనా, ఎరుగక పుచ్చుకొనెనా?

మొదటి ప్రశ్న వస్తువును గూర్చినది. తక్కిన రెండును మనుష్యుని గూర్చినవి. ఈ రెంటిని వేరుపరచి చూచుట, చేతిలోని వస్తువునుబట్టి మనస్సులోని దోషమును తొందరపడి నిర్ణయింపకుండుట, ఆంగ్ల శాసనములతోడనే మనదేశమునకు వచ్చినదను అభిప్రాయ మొకటి వ్యాప్తిలో నున్నది. స్మృతులను, అర్థశాస్త్రమును పరిశీలించినచో ఈ అభిప్రాయము నిలువదు. ఈ వివేచన మనకు పూర్వమునుండి కలదు. దానిని మరచినచో కలుగు అనర్థమును గూర్చిన హెచ్చరికయు కలదు. భేదమున్నది రుజువు భారము ఎవరిపై మోపబడినదను విషయమున. దీనిని నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

2. స్మృతులలో అస్వామివిక్రయము

స్మృతికారులు వ్యవహారమును పదునెనిమిది పదములుగా విభజించిరి. అందు అస్వామివిక్రయ మొకటి. వస్తువునకు స్వామి కానివాడు దానిని అమ్ముట అని దీని యర్థము. దొంగసొత్తు కొనినవాని విచారణ ముఖ్యముగా ఈ ప్రకరణమున జరిగినది.

మనుస్మృతి అష్టమాధ్యాయమున ఈ విషయము స్పష్టముగా చెప్పబడినది. పరుల సొత్తును అమ్మినవాడు స్వామికి బంధువైనచో ఆరువందల పణములు దండము. బంధువు కాక, ఏ సాకును లేనివాడైనచో వానికి చోరదోషము. కొనినవాని మాట వేరు. పదుగురి సమక్షమున బహిరంగముగా వెలయిచ్చి కొనినవాడు శుద్ధుడు. అమ్మినవానిని తెచ్చి చూపలేకపోయినను, బహిరంగక్రయముచేత శుద్ధుడైనవానిని రాజు దండింపక విడువవలెను. కాని వస్తువు మాత్రము పోగొట్టుకొనిన స్వామికే చేరును. ఇచట రెండు నిర్ణయములు రెండు వేరు దారులను నడచినవి. కొనినవాడు నిర్దోషియైనంత మాత్రమున వస్తువు వానిది కాలేదు; వస్తువు వానిది కానంత మాత్రమున వాడు దోషి కాలేదు.

యాజ్ఞవల్క్యుడు ఇంకను ముందుకు పోయెను. రహస్యముగా కొనినవానికి దోషము కలదని చెప్పి, నాలుగు గుర్తులను పేర్కొనెను: హీనునివద్ద కొనుట, ఏకాంతమున కొనుట, తక్కువ వెలకు కొనుట, వేళగాని వేళ కొనుట. ఇట్లు కొనినవాడు తస్కరుడే. ఈ నాలుగును పరిశీలింపదగినవి. ఇవి వస్తువుయొక్క గుణములు కావు, దొంగతనముయొక్క గుణములు కావు; కొనినవాని మనస్సును తెలిసికొనుటకు బయట కనబడు గుర్తులు. నూరు వరహాల హారమును పది వరహాలకు, అర్ధరాత్రమున, పెరటిదారిని కొనినవాడు తాను ఎరుగననిన నమ్మువారుండరు. ఎరుగుటయు, ఎరుగదగిన కారణముండుటయు ఒక్కటే యను నేటి న్యాయసూత్రమునకు ఇది పూర్వరూపము.

ఈ నాలుగింటిలో 'హీన' శబ్దము మిక్కిలి అపాయకరమైనది. దానికి హీనజాతివాడని యర్థము చెప్పుట సులభము. కాని మితాక్షరాకర్తయైన విజ్ఞానేశ్వరుడు ఆ యర్థమును గ్రహింపలేదు. ఆ ద్రవ్యమును సంపాదించు ఉపాయము లేనివాడు హీనుడని వ్యాఖ్యానించెను. అనగా, అమ్మినవాని పుట్టుక కాదు, అట్టి వస్తువు వానికి ఎట్లు వచ్చెనను ప్రశ్నయే ప్రధానము. కల్యాణి చాళుక్య చక్రవర్తియగు ఆరవ విక్రమాదిత్యుని కాలమున (1076-1126) వెలసిన ఈ వ్యాఖ్య పదమూడవ శతాబ్దమున మూలఘటిక కేతనచేత విజ్ఞానేశ్వరీయమై పద్యరూపమున తెలుగునకు వచ్చెను. ధర్మశాస్త్రము సంస్కృతము నేర్చినవారి సొత్తుగా మాత్రమే నిలిచిపోకుండుటకు కేతన చేసిన ఉపకారము చిన్నది కాదు.

కొనినవాడు దోషమునుండి బయటపడు మార్గమును యాజ్ఞవల్క్యుడు చెప్పెను. అమ్మినవానిని చూపినచో వాడు శుద్ధుడు. అప్పుడు స్వామికి వస్తువు, రాజునకు దండము, కొనినవానికి తాను చెల్లించిన వెల, ఈ మూడును అమ్మినవానినుండి రావలెను. స్వామిని గూడ స్మృతి ఊరక నమ్మలేదు. వస్తువు తనదేయని ఆగమముచేతను, అనుభవముచేతను రుజువు చేయవలెను. లేనిచో దాని వెలలో అయిదవవంతు రాజునకు దండముగా చెల్లింపవలెను. తన వస్తువు పరుని చేతిలో కనబడినప్పుడు రాజునకు తెలుపక తానే తీసికొనినవానికి తొంబదియారు పణముల దండము విధింపబడినది. సొత్తు తనదే యైనను విచారణ తనది కాదు.

ఇక మరియొక ముఖమును చూడవలెను. దొంగలకు అన్నము, నిప్పు, ఆయుధము, చోటు ఇచ్చినవారిని, దొంగసొత్తును దాచినవారిని దొంగవలెనే చంపవలెనని మనువు నవమాధ్యాయమున శాసించెను. దొంగచేతినుండి యాజనాధ్యాపనముల మూలమున ధనము గోరిన బ్రాహ్మణుడును దొంగయే యనెను. దీనినిబట్టి స్మృతులు మెత్తనివని తలపరాదు. దండము క్రూరమైనకొలది దానికి ముందు విచారణ గట్టిగా నుండవలెననుటయే వాటి తర్కము. అందుచేతనే మనువు అదే యధ్యాయమున, హోఢము లేక దొంగను చంపరాదని రాజునకు హద్దు విధించెను.

3. కౌటిల్యుని రూపాభిగ్రహము

స్మృతులు సూత్రమును చెప్పగా కౌటిల్యుడు పద్ధతిని చెప్పెను. 1909వ సంవత్సరమున శామశాస్త్రిగారు మైసూరున ప్రకటించిన అర్థశాస్త్రము, నాలుగవ అధికరణమున, దొంగలను పట్టు విధమును మూడుగా విభజించుచున్నది: శంకచేత పట్టుట, రూపముచేత పట్టుట, కర్మచేత పట్టుట. రూపమనగా ఇచట పోయిన వస్తువు.

పోయిన వస్తువు దొరకనిచో, ఆ జాతి వస్తువులతో వ్యాపారము చేయువారికి దాని గుర్తులను తెలుపవలెను. ఇది నేడు పోలీసువారు నగల అంగళ్లకును తాకట్టు దుకాణములకును పంపు సమాచారమునకు పూర్వరూపము. తెలిపిన పిదప ఆ వస్తువు తమకు చేరగా దాచినవారు దొంగకు తోడైనవారగుదురు. తెలియక పుచ్చుకొనినవారు వస్తువును అప్పగించి విడుదల పొందుదురు. ఒకే వస్తువు, ఒకే అంగడి. మధ్యనున్న భేదము తెలివి మాత్రమే. పాత సామానులను సంస్థాధ్యక్షునకు తెలుపక అమ్మరాదు, కుదువ పెట్టరాదు అను నియమమును ఇందులకు చేర్చబడినది.

కంసాలుల విషయమున అర్థశాస్త్రము వివరముగా మాట్లాడెను. శుచికాని చేతినుండి తెలుపక వెండి బంగారములను ఉన్న రూపముననే కొనినచో పన్నెండు పణములు, రూపుమాపి కొనినచో ఇరువదినాలుగు, దొంగచేతినుండి కొనినచో నలువదియెనిమిది పణములు దండము. చాటుగా, రూపము మార్చి, వెల తగ్గించి కొనినచో చౌర్యదండమే. బంగారము కరగినచో సాక్ష్యము కరగిపోవునని కౌటిల్యుడు ఎరుగును. నగ నగగా నున్నంతవరకు అది తన యజమానిని చెప్పగలదు. ముద్దయైన పిదప మూగది.

వస్తువు ఒకనియొద్ద దొరికినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న 'ఇది నీకు ఎట్లు వచ్చినది?' అనునది. వాడు వచ్చిన దారిని, కాలమును, వెలను చెప్పి రుజువు చేసినచో విడువవలెను. పోగొట్టుకొనినవాడును అట్లే రుజువు చేసినచో ఎవరి అనుభవము ముందునుండి, దీర్ఘకాలమునుండి ఉన్నదో చూడవలెను. ఇచట కౌటిల్యుడు చెప్పిన హేతువు మిక్కిలి విలువైనది: పశువులలోను మనుష్యులలోను సహితము రూపసామ్యము కానవచ్చుచుండగా, ఒకే లోహముతో ఒకే పనివాడు చేసిన నగలలోను పాత్రలలోను పోలిక యుండుటలో వింత యేమి? వస్తువు అదియే యను మాటను సైతము అతడు సందేహించి చూడుమనెను.

4. మాండవ్యుని దృష్టాంతము

ఈ విచారమంతటికి కేంద్రముగా మన వాఙ్మయమున ఒక కథ యున్నది. ఆదిపర్వములోని అణిమాండవ్యుని వృత్తాంతము నన్నయ భారతము చదివినవారికి చిరపరిచితము. ముని మౌనవ్రతమున నుండెను. రాజభటులు తరుముచుండగా దొంగలు సొత్తుతో వచ్చి ఆ ఆశ్రమమున దాగిరి. భటులు అడిగినను ముని పలుకలేదు. సొత్తు ఆశ్రమమున దొరికెను, దొంగలును దొరికిరి. రాజు మునిని గూడ కొరత వేయించెను. పురాణదృష్టితో చదువువారు ఈ కథను విదురుని జన్మమునకు కారణముగా చూతురు. ధర్మశాస్త్రకారులు దీనిని న్యాయస్థానముయొక్క తప్పిదముగా చూచిరి. దొంగకానివాడు దొంగయగుట, దొంగ దొంగకాకుండుట వ్యవహారమున సంభవమేయని చెప్పి నారదుడు మాండవ్యుని నిదర్శనముగా చూపెను.

కౌటిల్యుడును ఈ కథను స్మరించెను. కాని అతడు చెప్పిన పాఠము వేరు. భారతమున మాండవ్యుడు పలుకలేదు. అర్థశాస్త్రమున అతడు హింసకు భయపడి, దొంగ కాకున్నను, తాను దొంగనని ఒప్పుకొనెను. ఈ రెండు పాఠములలో ఏది ప్రాచీనమను చర్చ యటుండనిండు. న్యాయదృష్టితో చూచినచో రెండును రెండు వేరు తప్పులను చూపుచున్నవి. ఒకటి, సమాధానము చెప్పనివాని మౌనమును దోషముగా నెంచుట. రెండవది, బాధపెట్టి పలికించిన మాటను సత్యముగా నెంచుట. రెండుచోట్లను తప్పునకు మూలము ఒక్కటియే: సొత్తు దొరికిన చోటనే దోషియు దొరికెనని తలచుట. దొంగ సామాను దగ్గర నుండుటచేతను, వేషమో ఆయుధమో పోలియుండుటచేతను దొంగకానివాడు పట్టుబడుచుండునని చెప్పి, రుజువు పూర్తియైన పిదపనే దండింపవలెనని కౌటిల్యుడు నియమించెను.

నారదుడు ఈ నియమమునకు కారణములను గూడ చెప్పెను. లోప్త్రము మరియొకని చేతినుండి జారిపడినది కావచ్చును. నేలపై అనుకోకుండ దొరికినది కావచ్చును. దొంగయే పారవేసి పోయినది కావచ్చును. కావున దానిని ప్రయత్నపూర్వకముగా పరీక్షింపవలెను. మితాక్షర ఈ వచనములను చౌర్యప్రకరణమున ఉదాహరించెను. అయినను అదే ప్రకరణమున, అనుమానముపై పట్టుబడినవాడు తన్ను తాను శుద్ధుని చేసికొనలేనిచో చోరదండము పొందవలెనను యాజ్ఞవల్క్యుని శాసనమును కలదు. భారము పట్టుబడినవానిపైననే యున్నది. పరీక్షింపుమనిన హెచ్చరికకును, నీవే నిరూపించుకొనుమనిన శాసనమునకును నడుమనున్న ఈ పెనుగులాటను స్మృతులు పూర్తిగా పరిష్కరింపలేదు.

5. కావ్యసాక్ష్యము

కవులును ఈ పెనుగులాటను చక్కగా ఎరిగినవారు. శాకుంతలము ఆరవ యంకమున రాజముద్రాంగుళీయకముతో పట్టుబడిన జాలరి చేప కడుపున దొరికెననగా భటులు నవ్విరి. వాడు చెప్పినది నిజము. వాని వృత్తి నీచమను తలంపు నమ్మకమునకు అడ్డమైనది. రాజు ఉంగరమును గుర్తించుటచేత వాడు బ్రదికెను. మృచ్ఛకటికమున వసంతసేన నగలు విదూషకునివద్దనుండి సభలో జారిపడగా చారుదత్తుని దోషము స్థిరపడినట్లే యయ్యెను. అవి యచటికి వచ్చిన దారి వేరు. తమిళమున శిలప్పదికారములో కోవలుడు అమ్మబోయిన అందియను రాణి యందెగా చూపి కంసాలి వానిని బలియిచ్చెను. లోపలి మణులు వేరని కణ్ణగి నిరూపించునప్పటికి దండము జరిగిపోయెను. రూపసామ్యమును గూర్చిన కౌటిల్యుని హెచ్చరికకు ఇంతకంటె తగిన ఉదాహరణము లేదు.

దండి దశకుమారచరితములోని అపహారవర్ముని కథ వీటికంటె సూక్ష్మమైనది. పోయినదని ఫిర్యాదు చేయబడిన తోలుసంచి కామమంజరియొద్ద కనబడెను. ఎవరిచ్చిరని యడుగగా ఆమె నిర్దోషియగు అర్థపతి పేరు చెప్పెను. స్మృతి చెప్పిన మార్గమే ఇది. ఇచ్చినవానిని చూపినది, శుద్ధురాలైనది. కాని ఆమె చూపినది అబద్ధము. అర్థపతి సర్వస్వము కోలుపోయి దేశమునుండి వెడలగొట్టబడెను. ఇచ్చినవానిని చూపుమను నియమము ఎంత మంచిదైనను, చూపినవాని మాటను పరీక్షింపనిచో అది మరియొక మాండవ్యుని సృష్టించునని ఈ కథ తెలుపుచున్నది. దశకుమారచరితమును తెలుగు చేసిన కవియు, మితాక్షరను తెలుగు చేసిన కవియు ఒక్కడే యగుట విశేషము. కేతన ఒక చేత శాస్త్రమును, ఒక చేత ఆ శాస్త్రము దారి తప్పు తీరును తెలుగువారికి అందించెను.

6. ఆంగ్ల శాసనములు, 1860 నాటి శిక్షాస్మృతి

ఇంగ్లండున ఈ విషయమున శాసనము చాల ఆలస్యముగా నేర్పడినది. అచటి ప్రాచీన న్యాయమున దొంగసొత్తు పుచ్చుకొనినవాడు దొంగకు అనుబంధి కాడు. 1691లో శాసనమొకటి వానిని అట్టి అనుబంధిగా చేసెను. దొంగ దొరికి శిక్షపడిననే వానికి శిక్ష. ఈ లోపమును జోనథన్ వైల్డు అనువాడు వృత్తిగా మార్చుకొనెను. పోయిన వస్తువులను వెదకి యిచ్చువానివలె నటించి, యజమానులవద్ద ప్రతిఫలము పుచ్చుకొనుచు, దొంగలను తన యధీనమున నుంచుకొనెను. 1718లో చేసిన శాసనము ప్రకారము 1725లో ఉరితీయబడెను. దొంగసొత్తు పుచ్చుకొనుట స్వతంత్ర నేరముగా 1827 శాసనమున స్థిరపడెను.

మనదేశమున కుంపిణీ న్యాయస్థానములు మహమ్మదీయ దండశాస్త్రమును రెగ్యులేషనులతో సవరించుచు నడచినవి. మెకాలే అధ్యక్షతన 1837లో సిద్ధమైన చిత్తుప్రతి 1860లో శాసనమై, 1862 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. దాని 410 మొదలు 414 వరకు గల విభాగములు దొంగసొత్తును గూర్చినవి. చౌర్యముచేత మాత్రమే కాక, బలవంతపు వసూలు, దోపిడి, అక్రమ వినియోగము, నమ్మకద్రోహముల మూలమున చేతులు మారినదియు దొంగసొత్తే. అది హక్కుదారుని చేతికి తిరిగి చేరినచో ఆ లక్షణము పోవును. దొంగసొత్తని యెరిగియో, ఎరుగదగిన కారణముండియో దురుద్దేశముతో పుచ్చుకొనినను, అట్టిపెట్టుకొనినను మూడు సంవత్సరములవరకు ఖైదు. బందిపోటు సొత్తునకును, దొంగసొత్తు వ్యాపారమే వృత్తిగా నున్నవానికిని యావజ్జీవ శిక్షవరకు పోవచ్చును. దాచుటకు తోడ్పడినవానికి మూడు సంవత్సరములవరకు.

ఇచట 'అట్టిపెట్టుకొనుట' అను మాట గమనింపదగినది. కొనునాటికి తెలియనివాడు పిదప తెలిసికొనియు దురుద్దేశముతో ఉంచుకొనినచో దోషియగును. 2023 నాటి భారతీయ న్యాయసంహిత 2024 జులై 1నుండి అమలులోనికి వచ్చినపుడు ఈ విభాగములన్నియు 317వ విభాగమున ఒకచోట చేరినవి. మోసముచేత పొందిన సొత్తును క్రొత్తగా నిర్వచనమున చేర్చబడినది. తక్కిన స్వరూపము మారలేదు.

7. సాక్ష్యశాసనము: ఊహకు హద్దు

శిక్షాస్మృతి మనస్సును దోషమునకు ఆధారముగా చేసెను. మనస్సును తెలిసికొను మార్గమును 1872 నాటి సాక్ష్యశాసనము చెప్పెను. దాని 114వ విభాగము ప్రకారము, చౌర్యము జరిగిన కొలదికాలములోనే దొంగసొత్తు కలిగియున్నవాడు అది తనకు వచ్చిన విధమును చెప్పలేనిచో, వాడు దొంగయో, ఎరిగి పుచ్చుకొనినవాడో యని న్యాయస్థానము ఊహింపవచ్చును. యాజ్ఞవల్క్యుని శాసనమునకును దీనికిని గల భేదము ఒక క్రియాపదములో నున్నది. అతడు దండింపవలెననెను, ఇది ఊహింపవచ్చును అనుచున్నది. అంతేకాక, శాసనమే ఒక ప్రత్యుదాహరణమును ఇచ్చెను. గుర్తుపెట్టిన రూపాయి ఒకటి దొంగిలింపబడిన వెంటనే దుకాణదారుని పెట్టెలో దొరికెను. అది యెట్లు వచ్చెనో వాడు చెప్పలేడు. కాని వాని వ్యాపారమున రూపాయలు ఎడతెగక వచ్చుచుండును. అట్టివాని విషయమున ఈ సంగతిని గూడ ఆలోచింపవలెను. 2023 నాటి సాక్ష్య అధినియమమున 119వ విభాగము ఈ యూహను నిలుపుకొనినది.

పోలీసువారికి చేసిన ఒప్పుకోలు సాక్ష్యము కాదను నియమము రెండవ మాండవ్యునికి, అనగా కౌటిల్యుని మాండవ్యునికి, రక్ష. కాని ఆ నియమమునకు అపవాద మొకటి కలదు: ముద్దాయి చెప్పిన సమాచారమునుబట్టి ఒక విషయము బయటపడినచో, దానికి నేరుగా సంబంధించినంతవరకు ఆ మాట చెల్లును. గుంటూరునుండి వెళ్లిన ఒక హత్యాభియోగమున ప్రివీ కౌన్సిలు చెప్పి, 1947 నాటి సంపుటములలో ప్రకటితమైన తీర్పు ఈ యపవాదమునకు నేటికిని ప్రమాణముగా నున్నది. బయటపడునది వస్తువు మాత్రమే కాదు, అది యున్న చోటు, ఆ చోటు ముద్దాయికి తెలిసియుండుట. ఆ వస్తువుయొక్క పూర్వచరిత్ర బయటపడినట్లు కాదు అని దాని సారము.

1954లో ప్రకటితమైన సుప్రీంకోర్టు తీర్పొకటి దీనిని దొంగసొత్తునకు అన్వయించెను. దొంగసొత్తు నేరమున మూడు విషయములు రుజువు కావలెను: సొత్తు ముద్దాయి స్వాధీనమున నుండుట, అంతకుముందు అది మరియొకని స్వాధీనమున నుండుట, అది దొంగసొత్తని ముద్దాయి యెరుగుట. ఆ వ్యాజ్యమున నగలు దొరికినది ఎల్లరు రాకపోకలు చేయు బయలు పొలమున. ముద్దాయి చూపినంత మాత్రమున అవి వాని స్వాధీనమున నున్నవనుటకు వీలులేదు. ఎవరో పెట్టియుండవచ్చును, ఆ సంగతి వానికి ఎట్లో తెలిసియుండవచ్చును అని న్యాయస్థానము తలచెను. నారదుని మాటకు ఇది దూరము కాదు.

8. ఉపసంహారము

దొంగసొత్తు విషయమున వస్తువు దారి వేరు, దోషము దారి వేరు అను వివేచన మనువునాటినుండి నేటివరకు తెగలేదు. ఎరుకనుబట్టి దోషమను సూత్రమును యాజ్ఞవల్క్యుని నాలుగు గుర్తులలో చూడవచ్చును. మారినది రుజువు భారము. పూర్వము పట్టుబడినవాడు తన శుద్ధిని తానే స్థాపింపవలసియుండెను. నేడు అభియోగము తెచ్చినవారు దోషమును స్థాపింపవలెను. ఊహ వారికి ఊతము మాత్రమే.

అయినను హీనశబ్దమునకు విజ్ఞానేశ్వరుడు నివారించిన అర్థము లోకమునుండి తొలగిపోలేదు. 1871 నాటి నేరజాతుల శాసనము పుట్టుకనే అనుమానమునకు కారణముగా చేసెను. 1911 తరువాత మదరాసు రాజధానిలోని తెలుగు జిల్లాలలోను ఎరుకలవారివంటి జాతులు దానికి లోబడవలసివచ్చెను. స్వాతంత్ర్యానంతరమున, 1952లో, అది దేశమంతట రద్దయ్యెను. ఏడు శతాబ్దములకు పూర్వము వ్యాఖ్యాత వద్దనిన అర్థమును ఆధునిక శాసనము అక్షరాల అమలుపరచినదన్నమాట. కాలము గడచినంతనే న్యాయము వృద్ధిపొందునని తలపరాదనుటకు ఇది చాలును. సొత్తు ఎవని చేత నున్నదను ప్రశ్నకు సమాధానము వెంటనే దొరకును. అది యచటికి ఎట్లు వచ్చెనను ప్రశ్నకు ఓర్పుతో వెదకిననేగాని దొరకదు. ఆ రెండవ ప్రశ్న నడుగక తీర్పు చెప్పిన ప్రతి సభయు మాండవ్యుని కొరత వేసిన సభయే.